ఎరుపు తగ్గిన కన్ను

మా దగ్గర కంట్లో పసుపు పడితే ఎవరూ భయపడరు. కారం పడితే పరుగెత్తుతాం, సున్నం పడితే లబోదిబోమంటాం. పసుపు అంటే మాత్రం చిన్నా పెద్దా అందరిదీ ఒకటే మాట, పసుపే కదా అని. కోరుట్ల పక్కన మా ఊళ్ళో పసుపు పండించని ఇల్లు తక్కువ. తెగిన వేలికి అదే, దగ్గు వస్తే పాలలో అదే, పెళ్ళికూతురి ఒంటికి అదే, గడపకు అదే. అలాంటిది కంటికి చెడు చేస్తుందని ఎవరు అనుకుంటారు? నేనూ అనుకోలేదు. ఇప్పుడు ఎడమ కన్ను మూసుకొని చూస్తే, ఎదురుగా ఎవరో కూర్చున్నారని తెలుస్తుంది కానీ ఎవరు కూర్చున్నారో తెలియదు.

నేను డాక్టర్ని కాదు, నర్సును కూడా కాదు. ఇంటర్ చదివి, పెళ్ళయి వచ్చి, పసుపు ఏరుకునే మనిషిని. అయినా ఈ మధ్య కంట్లో ఏదైనా పడ్డవాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళను ఎవరు పంపుతున్నారో చివర్లో చెప్తాను. వచ్చినవాళ్ళందరికీ మొదటి నుంచి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. అందుకని ఒకసారి రాసి పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. చెప్పిన ప్రతిసారీ నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకొని చెప్తున్నానని నాకే అనుమానం వస్తోంది. కాగితం మీద అలా కుదరదేమో చూడాలి.

ఫిబ్రవరి

మా ఆయన దుబాయిలో ఉంటాడు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఇంట్లో అత్తమ్మా నేనూ. ఆ నెలలో మా కల్లంలో పసుపు పాలిష్ నడుస్తోంది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను పెద్ద డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పిస్తాం. కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని పైపొట్టు, సన్న వేర్లు రాలిపోతాయి. ఆ దుమ్ముకు ముక్కుకీ నోటికీ కొంగు చుట్టుకుంటాం. కళ్ళకు ఏం చుట్టుకుంటాం?

నాది ఏరే పని. ఆ పనిలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. బూజు పట్టిన కొమ్మును నేను చూడకుండానే పట్టేస్తాను. బొటనవేలి కింద కొంచెం మెత్తగా, జిడ్డుగా తగులుతుంది. పక్కవాళ్ళతో ముచ్చట పెడుతూనే దాన్ని అవతల పారేస్తాను. ఆ రోజు కూడా అలాగే పారేస్తుంటే డ్రమ్ము వైపు నుంచి గాలి తిరిగింది. కుడి కంట్లో సర్రున ఏదో గుచ్చుకుంది.

సారవ్వను పిలిచారు. సారవ్వ ఏటా మా పసుపు పనికి వచ్చే మనిషి. సొంత భూమి లేదు, ఊరి చివర చర్చి పక్కన రెండు గదుల ఇల్లు. కూలిపని కంటే ఆమె పేరు ఇంకోదానికి ఎక్కువ. కంట్లో నలుసు పడితే నాలుకతో తీస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పసిపిల్లలను ఎత్తుకొని ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు. ఊరికే తీస్తుంది, ఎవరేం ఇచ్చినా పట్టదు. ఆమె వచ్చి, బుగ్గలోని తంబాకు ఉమ్మేసి, చెంబు నీళ్ళతో నోరు పుక్కిలించింది. కళ్ళు మూసుకొని ప్రభువును తలుచుకుంది. రెండు బొటనవేళ్ళతో నా రెప్పలు విప్పి నాలుక కొనతో ఒక్కసారి తిప్పింది. వెచ్చగా తగిలింది, అంతే. అరచేతిలో ఉమ్మి నాకు చూపించింది. వెంట్రుకంత పసుపు వేరు.

“ఇంకేం లేదు బిడ్డ. సల్లటి నీళ్ళు కొట్టుకో” అంది. నేను నీళ్ళు కొట్టుకొని మళ్ళీ ఏరడానికి కూర్చున్నాను.

రెండు మూడు రోజులకు కన్ను ఎర్రబడింది. నీళ్ళు కారుతున్నాయి, గరగర అంటోంది. పసుపే కదా, విషం గుంజుతోంది, అదే తగ్గుతుంది అన్నారు కల్లంలో అందరూ. నాకూ పని వదిలి పోబుద్ధి కాలేదు. ఇంకా సగం పసుపు కల్లంలోనే ఉంది. దవాఖానకు పోతే రోజంతా పోతుంది కదా అని నేనే వాయిదా వేశాను. ఈ వాయిదా నాది, ఇందులో ఇంకొకరికి వాటా లేదు.

అప్పుడు అత్తమ్మ ఫ్రిజ్ తలుపులోంచి తన చుక్కల మందు తీసింది. పోయిన దసరాకు ముందు ఆమె కంటికి మోతిబిందు, అంటే శుక్లం, ఆపరేషన్ చేయించుకుంది. ఆ సీసాలో సగం మందు మిగిలింది. మా అత్తమ్మ మాట కారం, చెయ్యి వెన్న. ముఖం మీద ఒక్క మంచి మాట అనదు కానీ నాకు జ్వరం వస్తే తను అన్నం మానేస్తుంది. నా తల ఒళ్ళో పెట్టుకొని, “నా కన్ను నిలవెట్టిన మందు ఇది, నీకు జెయ్యదా” అంటూ చుక్క వేసింది. ఆ ఒళ్ళో ఆమె చీర వాసన, వేడినీళ్ళ పొయ్యి పొగ వాసన నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మా అమ్మ పోయిన తర్వాత ఎవరి ఒళ్ళోనైనా తల పెట్టడం అదే మొదలు.

రెండు రోజుల్లో ఎరుపు మాయమైంది. నొప్పి కూడా చాలావరకు పోయింది. సాయంత్రం వీడియో కాల్‌లో కన్ను పెద్దగా తెరిచి చూపిస్తే మా ఆయన నవ్వాడు, మా అమ్మను డాక్టర్ని చేయాల్సింది అన్నాడు. అత్తమ్మ ఆ మాటకు లోపల్లోపల మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. కన్ను తెల్లగా అవడం కంటే మంచి కబురు ఇంకేముంటుంది అనుకున్నాం. రోజూ మూడు పూటలా ఆ ఒళ్ళో పడుకున్నాను.

వారం తిరిగేసరికి ఆ కంటి ముందు పొగ పెట్టినట్టయింది. తర్వాత ఒక ఉదయం ఎవరో మేకు దిగ్గొట్టినంత నొప్పితో లేచాను. వెలుతురు చూడలేకపోయాను. అత్తమ్మ రెప్ప ఎత్తి చూసి గమ్మున వదిలేసింది. నల్లగుడ్డు మీద జొన్నగింజంత తెల్లమచ్చ ఉందని నేను అద్దంలో చూసుకున్నాకే తెలిసింది.

జగిత్యాల

షేర్ ఆటోలో కోరుట్లకు, అక్కడి నుంచి బస్సులో జగిత్యాలకు పోయాం. దారంతా కొంగు ముఖం మీదే. కంటి దవాఖానలో కూర్చునే చోట ఎవరికి వాళ్ళు ఒక కన్ను మూసుకొని ఉన్నారు. కిటికీల్లోంచి ఎండ నేరుగా మా మీదే పడుతోంది. నేను మోకాళ్ళలో తల పెట్టి కూర్చుంటే, పక్కన బుర్ఖాలో ఉన్న ఒకామె తన తండ్రి నల్లద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. “మా అబ్బా నంబరు ఇంకా దూరమున్నది. అప్పటిదాక పెట్టుకో అక్కా” అంది. పెట్టుకున్నాను. ఆ చీకటి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నన్ను లోపలికి పిలిచి, బయటికి వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. అద్దాలు నా దగ్గరే ఉండిపోయాయి. జగిత్యాల పోయినప్పుడల్లా సంచిలో వేసుకొని పోతాను, ఎక్కడైనా కనబడుతుందేమోనని.

లోపల డాక్టరమ్మ కన్ను మొద్దుబారే చుక్క వేసి, సన్నగా గీకి, గాజు పలక మీద పెట్టి చూడటానికి పంపింది. తర్వాత మమ్మల్ని పిలిచి కంట్లో పుండు పడిందని, అది బూజు వల్ల అని చెప్పింది. ఇంతకు ముందు ఏం మందు వేశారని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. తన మందే వేశానని, రెండు రోజుల్లో ఎరుపంతా పోయిందని గర్వంగా చెప్పింది.

డాక్టరమ్మ సీసా పేరు చదివింది. నా వైపు చూసింది. అత్తమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లగా, “అమ్మా, ఈమెకు తాగడానికి నీళ్ళ సీసా ఒకటి కొనుక్కొస్తరా” అంది. అత్తమ్మ పోయింది. అప్పుడు తలుపు దగ్గరికి వేయించి నాతో మాట్లాడింది. ఆమె మాటలు నాకు బాగా గుర్తున్నాయి. గుర్తుండకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మన రక్తంలో కాపలా కాసే కణాలుంటాయట. వాటికి కళ్ళుండవు. వాటి పైపొర మీద కొన్ని ప్రోటీన్లు బయటికి పొడుచుకొని ఉంటాయి, అవి తడిమి చూస్తాయి. బూజు ఒంటి గోడలో ఒక రకం చక్కెర పదార్థం ఉంటుంది, అది మన ఒంట్లో ఎక్కడా ఉండదు. ఆ ప్రోటీనుకు అది తగలగానే ఇది మనది కాదు అని కణానికి తెలిసిపోతుంది. ఇది చెప్పడానికి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీయబోయింది. అక్కర్లేదన్నాను. బొటనవేలి కింద బూజుకొమ్ము తగిలితే ఎలా ఉంటుందో నాకు ఎవరూ బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

“గుర్తుపడితే సరిపోదమ్మా. పిలవాలె. గా కణం మిగతావాటిని పిలుస్తది, అవి ఉరికొచ్చి బూజు మీద పడ్తయి. ఎరుపు, వాపు, నీళ్ళు కారుడు, అంత గదే. మీరు భయపడ్డది జబ్బును చూసి కాదు, కొట్లాటను చూసి.”

అత్తమ్మ మందు ఆపరేషన్ అయిన కంటికి మంచిదేనట. అక్కడ కొట్లాడాల్సిన బూజూ క్రిమీ ఏదీ ఉండదు కాబట్టి ఒంటిని ఊరుకోబెట్టడానికి ఇస్తారట. నా కంట్లో కాపలా కణాలు బూజును గుర్తుపట్టాయి, పిలిచాయి. ఈ మందు ఆ పిలుపుకు వచ్చేవాళ్ళను రానివ్వలేదు. ఎరుపు తగ్గింది, మేం సంబరపడ్డాం, బూజుకు అడ్డం లేకుండా పోయింది.

నేను సారవ్వ సంగతి కూడా చెప్పాను. నాలుకతో తీయించుకున్నాను, దానివల్లనా అని అడిగాను. డాక్టరమ్మ కోప్పడింది. ఎవరి నాలుకా కంటికి తగలకూడదు, నోట్లో ఇంకో రకం క్రిములుంటాయి అంది. అయితే ఈ బూజు మాత్రం చాలావరకు ఆ పసుపు వేరుతో, దానికంటిన మట్టితో వచ్చినట్టే ఉందట. ఎలా వచ్చిందో ఖాయంగా చెప్పలేనంది. ఎలా పెరిగిందో మాత్రం ఖాయంగా చెప్పగలనంది. మీ అత్తమ్మకు చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం, ఆ సీసా మాత్రం పారేయమంది.

అత్తమ్మ నీళ్ళ సీసాతో వచ్చింది. మూత తీసి నా చేతికిచ్చింది. పెద్దావిడకు ఎండలో తిరిగి చెమటలు పట్టాయి. నేను ఆ ముఖం చూసి ఏం చెప్పగలను?

తిరుగు బస్సులో ఏమన్నది డాక్టరమ్మ అని అడిగింది. బూజు అట అన్నాను. బూజు ఎక్కడి నుంచి వచ్చింది అంది.  అత్తమ్మ కాసేపు ఆలోచించి తనే పట్టుకుంది.

“సారవ్వ నోట్ల తంబాకుండె. గా నాలుకనే పెట్టింది. గదే జేసింది, ఇంకేం గాదు.”

నేను ఎడమ కన్నుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాదు అనలేదు.

మార్చి

కొత్త చుక్కలు గంటకోసారి వేయాలి, రాత్రింబవళ్ళు. అత్తమ్మకు చదువు రాదు, అయినా ఫోన్‌లో గంట గంటకూ అలారం పెట్టడం పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చేది. కడిగీ కడిగీ ఆమె వేళ్ళు పగిలాయి. ఆ వేళ్ళతో రెప్ప విప్పినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. నొప్పి అనుకొని ఇంకా మెల్లగా వేసేది. ఆమె చేసే సేవ పెరిగినకొద్దీ నా నోరు ఇంకా మూసుకుపోయింది.

మా ఆయన ఫోన్‌లోనే తీర్పు చెప్పేశాడు, సారవ్వను కల్లంలోకి రానివ్వొద్దని. దుబాయిలో కూర్చొని ఊరిని నడిపించడం మగవాళ్ళకు బాగా వస్తుంది. అతన్ని అనడానికి నాకేం హక్కుంది, నిజం తెలిసినదాన్ని నేనే కదా. ఊరికి ఇలాంటి కబురు పాకడానికి ఎంతసేపు? కూలికి పోయే ఆడవాళ్ళ గుంపులో ఆమెను పిలవడం మానేశారు. పిల్లలను ఎత్తుకొని ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు ఆగిపోయారు. ఇవన్నీ నా మంచం పక్కన కూర్చొని, నాకు న్యాయం జరుగుతోందన్నట్టు వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర సారవ్వ గొంతు వినిపించింది. బిడ్డకెట్లున్నది అని అడిగింది. పడుకున్నదని అత్తమ్మ చెప్పింది, గేటు తీయలేదు. ఒక్కసారి చూసి పోతానంది సారవ్వ. చూసిందే చాలు అని అత్తమ్మ అనడం కూడా విన్నాను. నేను మేలుకొనే ఉన్నాను. లేచి గడప దాకా వస్తే చాలు, ఒక్క మాట అంటే చాలు. దిండులో ముఖం పెట్టుకొని, ఆమె చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా కదలకుండా పడుకున్నాను.

సిరిసిల్ల

ఇంటి నిండా పసుపు దుమ్ము ఉండగా కన్ను మానదని మా అన్న వచ్చి నన్ను సిరిసిల్ల తీసుకుపోయాడు. అన్నకు ఇంటి వెనక షెడ్డులో సాంచాలు, కరెంటుతో బట్ట నేసే మగ్గాలు, ఉన్నాయి. పొద్దున మొదలైతే ఆ టకటక గోడల్లోంచి మంచంలోకి వస్తుంది. నేను పుట్టి పెరిగిన చప్పుడు అది. నా తలనొప్పి చూసి అన్న మధ్యాహ్నాలు సాంచాలు బంద్ చేయించాడు. నడిపించే మనుషులు బయట చెట్టు కింద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ పని నా వల్ల ఆగిందని నాకు ఇంకో బాధ. మూడో రోజు నేనే లేచి పోయి, నడపండి, చప్పుడు లేకపోతే ఆలోచనలు ఎక్కువవుతున్నాయి అన్నాను.

చుక్కలు వేసే పని మా వదిన తీసుకుంది. వదిన మాట మెత్తగా ఉండదు, అబద్ధంగా కూడా ఉండదు. ఒక రోజు చుక్క వేస్తుంటే, ఎందుకు ఊరికే ఏడుస్తావు, పుండు మానుతోందని డాక్టరమ్మ చెప్పింది కదా అని గదమాయించింది. అంతే, అంతా చెప్పేశాను. సీసా, నీళ్ళ కోసం పంపడం, బస్సు, గేటు, అన్నీ. అత్తమ్మ తట్టుకోలేదు వదినా, తన చేత్తోనే నా కన్ను పోయిందంటే అన్నం ముట్టదు అన్నాను.

వదిన సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

“ఒక ముసలామెను కాపాడవోయి ఇంకో ముసలామెను ముంచినవ్ సుజాతా. అత్తమ్మంటే ఇంట్ల మనిషి, నీకు ప్రేమ. మరి గామె ఎవ్వలకు ప్రేమ?”

నాకు కోపం వచ్చింది. ఆ పూట వదినతో మాట్లాడలేదు. పడుకొని సాంచాల చప్పుడు వింటుంటే డాక్టరమ్మ మాట తిరిగి తిరిగి వచ్చింది, గుర్తుపడితే సరిపోదు, పిలవాలని. నా ఒంట్లో కంటికి కనబడనంత చిన్న కణం తగిలిన వెంటనే అరిచింది. అంత మనిషిని నేను, దవాఖానలోనే తెలుసుకొని నోరు మూసుకున్నాను. సిగ్గేసింది. అయినా ఇంటికి ఫోన్ చేయలేదు. కన్ను మానాక చెప్తాలే అనుకున్నాను. మళ్ళీ వాయిదా.

ఏప్రిల్

పుండు మానింది. మానిన చోట తెల్లగా పువ్వు పడింది. చూపు కొంత ఉంటుందని, అంతకంటే కావాలంటే ముందు ముందు చనిపోయినవాళ్ళ కంటి పొర తెచ్చి వేయాల్సి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కన్నే తీసేయాల్సి రాలేదు, అదే సంతోషం అంది. నిజమే, నాకూ అదే సంతోషం.

ఇంటికి వచ్చిన మర్నాడు ఫ్రిజ్ తెరిచాను. తలుపులో సీసా లేదు. పారేయమని డాక్టరమ్మ చెప్పినా నేను పారేయలేదు, ఎందుకు పారేశావంటే ఏం చెప్పాలో తెలియక. అత్తమ్మను అడిగితే చాలా మామూలుగా చెప్పింది. పక్కింటి రాజమ్మ మనుమరాలికి కళ్ళు ఎర్రబడ్డాయట. పాపం పిల్ల రుద్దుకుంటోందని ఇచ్చిందట. ఇవ్వాళ పొద్దున్నే ఇచ్చిందట.

నేను చెప్పులు కూడా వేసుకోలేదు. పక్కింటికి పోయేసరికి రాజమ్మ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకొని సీసా మూత తీస్తోంది. ఆమె చేతిలోంచి లాక్కున్నాను. అప్పటికి ఒక్కసారే వేసిందట. పిల్లను కంటి డాక్టరుకు చూపించమని వాళ్ళ వెంటపడి ఆ రోజే జగిత్యాల పంపించాను. మామూలు కళ్ళకలకే, ఏం కాలేదు. ఆ కబురు వచ్చేదాకా నేను వాళ్ళ గడప మీదే కూర్చున్నాను. నేను దాచింది మా అత్తమ్మ పరువు అనుకున్నాను. దాచింది ఈ సీసాను అని అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చి సీసా అత్తమ్మ ముందు పెట్టాను.

“అత్తమ్మా, నా కన్ను సారవ్వతోని పోలేదు. గీ మందుతోని పోయింది.”

డాక్టరమ్మ చెప్పినదంతా నాకు వచ్చినట్టు చెప్పాను. అత్తమ్మ సీసాను చేతిలోకి తీసుకొని తనకు చదవరాని పేరు వైపు చూస్తూ కూర్చుంది. ఎప్పుడు చెప్పింది డాక్టరమ్మ అని అడిగింది. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు అన్నాను. ఆ రోజేనా అంది. అవునన్నాను.

“మరి గిన్ని దినాలు నాతోనే సుక్కలు ఏయించుకున్నవ్” అంది.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. లేచి చెప్పులేసుకొని ఎండలోకి నడిచింది. ఎక్కడికి పోతోందో నాకు అర్థమై వెనకాలే పోయాను.

సారవ్వ ఇంటి ముందు కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. మా అత్తమ్మ ఇన్నేళ్ళలో ఆ ఇంటి ముందు నిలబడి పనికి పిలవడమే కానీ అరుగు మీద కూర్చున్నది లేదు. ఆ రోజు కూర్చుంది. కన్ను చెడగొట్టింది నేను, నువ్వు కాదు సారవ్వా అని ఒక్క ముక్కలో చెప్పేసింది. సారవ్వ గింజలు కొడుతూనే ఉంది. ఎవరితోనో అన్నట్టు మాట్లాడింది.

“తంబాకు బంద్ జేసిన. నోరు మంచిగ కడిగిననా లేదా అని దినాం యాదిజేసుకుంటున్న. కడిగిన. రెండుమాట్ల కడిగిన.”

నేను డాక్టరమ్మ రెండో మాట కూడా దాచకుండా చెప్పాను, ఎవరి నాలుకా కంటికి తగలొద్దని అన్నదని. ఇంకెందుకు తీస్తా, ఆ ముచ్చట అయిపోయింది అంది సారవ్వ. అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. పువ్వు పడ్డ కంట్లోకే చూసింది.

“నీకెప్పుడెరుకైంది బిడ్డ?”

“మొదటి దినమే అవ్వా.”

“గేటు కాడికి అచ్చిననాడు నిదురవోయినవా?”

“లేదు. మేల్కొనే ఉన్న.”

తల ఊపింది. ఇంకేం అడగలేదు.  అత్తమ్మ తాగడానికి నీళ్ళు అడిగింది. ఆ ఇంట్లో ఆమె నీళ్ళు అడగడం అదే మొదటిసారి. సారవ్వ లేచి చెంబుతో తెచ్చిచ్చింది. మేం లేచేటప్పుడు పోయిరాండ్రి అనలేదు, పోకండని కూడా అనలేదు.

ఆ సాయంత్రం అత్తమ్మ మా ఆయనకు ఫోన్ చేసి తనే చెప్పింది. తర్వాత ఇంటింటికీ తిరిగి చెప్పింది. నేను వెంట వస్తానంటే వద్దంది. ఆ తర్వాత చాలా రోజులు నా కంటిని ముట్టుకోలేదు, చుక్కలు నన్నే వేసుకోమనేది. ఇప్పుడిప్పుడే మళ్ళీ ఒళ్ళో పడుకోనిస్తోంది. చుక్క వేసే ముందు సీసా మీది పేరు మాత్రం నాతో చదివిస్తుంది.

జూన్

మొదటి వానలు పడ్డాయి, పసుపు విత్తనం పెడుతున్నాం. సారవ్వ వచ్చింది. నేను పోయి పిలిస్తే కాదు, గుంపులో ఆడవాళ్ళు పిలిస్తే వచ్చింది. నాతో మునుపటిలా నవ్వదు. తంబాకు మళ్ళీ మొదలుపెట్టలేదు. విత్తనం కొమ్ములు ఏరేటప్పుడు నా పక్కనే కూర్చుంటుంది. బూజు కొమ్ము తగిలితే నేను పారేస్తాను, ఆమె చూస్తుంది.

విత్తనం మొదలుపెట్టిన రోజునే సాలు పెడుతుంటే ఒక పిల్లకు కంట్లో మట్టి పడింది. అలవాటు చొప్పున అందరూ సారవ్వ వైపు తిరిగారు. ఆమె నడుం ఎత్తకుండానే నా వైపు చెయ్యి చూపించింది.

“నాకేం తెల్వది. గామెకు ఎరుకే. ఎరుకున్నా జెప్పది, గట్టిగ అడుగుర్రి.”

ఆడవాళ్ళు నవ్వారు. సారవ్వ నవ్వలేదు. నేను ఆ పిల్లకు నీళ్ళు పోసి కన్ను కడిగించి, నల్లద్దాలు పెట్టి జగిత్యాల బస్సెక్కించాను. అప్పటి నుంచి కంట్లో ఏది పడినా అందరినీ ఆమె ఇలాగే నా దగ్గరికి పంపుతోంది, అదే మాట చెప్పి. వచ్చినవాళ్ళు నిజంగానే గట్టిగా అడుగుతున్నారు. అందుకని అడగకముందే చెప్తున్నాను. మీ ఫ్రిజ్ తలుపులో ఎవరిదో మిగిలిన చుక్కల మందు ఉంటే ఇప్పుడే లేచి పారేయండి. ఎందుకు పారేశావని ఇంట్లో అడిగితే, ఎందుకో చెప్పండి.